బ్రాకెట్ కోసే ముందు ఒక మాట

ఒరేయ్ అల్లుడూ,

కారు వెనక తగిలించే ట్రైలర్ చేస్తున్నానని నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. ట్రైలర్ బాగానే కుదిరింది, వంటగది తలుపు పైకి తెరుచుకునేలా పెట్టడం మరీ నచ్చింది. వెనక లైట్లని పట్టి ఉంచే బ్రాకెట్లు మాత్రం అన్నీ అయిపోయాక గుర్తొచ్చి తగిలించినట్టున్నాయి. చాసిస్ (ట్రైలర్ అడుగు చట్రం) నుంచి 200 మి.మీ. బయటికి పొడుచుకొచ్చిన 3 మి.మీ. పట్టీ, మొదలు దగ్గర వెల్డింగ్, కొసన లైటు. నా మొదటి ట్రైలర్‌కి నేను చేసింది అచ్చం ఇదే. అందుకే పని మానుకుని మరీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

అలాంటి పట్టీని చేత్తో పట్టుకుని ఊపితే పెద్దగా కదలదు. దాంతో గట్టిగా ఉందని మురిసిపోతాం. కానీ బండి ఖాళీగా ఉన్నప్పుడు స్ప్రింగులు బరువు లేక బిగుసుకుని ఉంటాయి, ప్రతి గతుకూ నేరుగా చాసిస్‌కి కొడుతుంది, కొసన ఉన్న లైటు ఈత బరిగెలా ఊగుతుంది. రెండో ట్రిప్పులో పెట్రోలు కోసం ఆగి వెనక్కి వెళ్లి చూద్దును కదా, నా ఎడమ లైటు వైర్ల మీద వేలాడుతోంది, ఎర్ర అద్దం సగం రోడ్డుకి అరిగిపోయింది. అలా ఎంత దూరం వచ్చానో నాకే తెలియదు. పట్టీ విరిగింది వెల్డింగ్ మీద కాదు, దాని పక్కనే, వెల్డు వచ్చి పట్టీని కలిసే అంచులో. విరిగిన చోట సగం తుప్పు రంగు, సగం తెల్లగా మెరిసే ఇనుము. అంటే ఎప్పుడో వెంట్రుకంత పగులిచ్చి, లోపలికి నీళ్లు తాగి, ఆ రోజు పూర్తిగా తెగిందన్నమాట.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఇంకా మందం పట్టీ వేయడం. నువ్వు అది చేయకు. మందం పెంచడం కాదు, మడత పెట్టు. 2 మి.మీ. రేకుని రెండు అంచులా 25 మి.మీ. చొప్పున కిందికి మడిచి తొట్టిలా చేస్తే, అంతే వెడల్పున్న 5 మి.మీ. పట్టీకంటే ఎన్నో రెట్లు బిగువుగా ఉంటుంది, బరువూ తక్కువే. మడత పెట్టే సాధనం లేకపోతే రెండు యాంగిల్ (L ఆకారపు ఇనుము) ముక్కల మధ్య రేకుని బిగించి సుత్తితో మెల్లగా వంచు. ఒక్క దెబ్బలో వంచాలని చూస్తే మూల దగ్గర రేకు నలుగుతుంది. ఇక ఆ 200 దేనికి? 80తో సరిపోతుందేమో చూడు. బ్రాకెట్ ఎంత పొట్టిదైతే అంత మేలు.

చాసిస్‌కి వెల్డింగ్ చేయకు, బోల్టులు వెయ్యి. వెనక్కి తీస్తూ ఏదో ఒక రోజు స్తంభానికి తగిలిస్తావు, ఇది శాపం కాదు, అనుభవం. అప్పుడు బ్రాకెట్ వంగితే కొత్తది చేసుకుంటావు, చాసిస్ వంగితే ఏడుస్తావు. ఒక్కో బ్రాకెట్‌కి రెండు 8 మి.మీ. బోల్టులు, అదురుకి వదులవ్వకుండా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు చాలు. నీ చాసిస్ బాక్స్ పైపు (నలుచదరపు బోలు గొట్టం) కదా, దానికి ఇటు నుంచి అటు బోల్టు వేసి బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. లోపల బోల్టు పట్టేంత చిన్న గొట్టం ముక్క పెట్టి అప్పుడు బిగించు. బ్రాకెట్‌లో రంధ్రాలు గుండ్రంగా కాకుండా నిలువుగా కాస్త సాగదీసి కోస్తే తర్వాత ఎత్తు సర్దుకోవచ్చు.

ఇనుము కోసే ముందు అట్ట. పాత కార్టన్‌తో బ్రాకెట్ చేసి, లైటుని టేపుతో అంటించి, ట్రైలర్‌ని సామాను నింపి కారుకి తగిలించి చూడు. బరువు పడ్డాక వెనక భాగం ఎంత దిగుతుందో ఖాళీ బండి మీద కొలిస్తే తెలియదు. మీ దేశం నిబంధనలు ముందే చదువుకో. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 48 (బండి లైట్లు ఎక్కడ, ఎలా పెట్టాలో చెప్పేది) ప్రకారమైతే వెనక లైటు నేల నుంచి 350 మి.మీ.కి తగ్గకూడదు, మామూలుగా 1500 దాటకూడదు, బండి పక్క అంచు నుంచి 400 మి.మీ.కంటే లోపలికి ఉండకూడదు. ట్రైలర్‌కి ఎర్రటి త్రికోణం రిఫ్లెక్టర్లు కూడా కావాలి, బ్రాకెట్‌లోనే వాటికీ చోటు వదులు. తర్వాత నడిచి వెనక్కి వెళ్లు, ఎడమకీ కుడికీ ఏటవాలుగా నిలబడి చూడు. మడ్‌గార్డో స్టెప్నీయో అడ్డొస్తోందా? సైకిళ్లు తగిలిస్తానన్నావు కదా, అవి తగిలించి కూడా చూడు. నా రెండో ట్రైలర్‌లో సైకిల్ టైరు సరిగ్గా ఇండికేటర్ ముందుకొచ్చి కూర్చుంది.

నువ్వు కొన్న 4 అంగుళాల గుండ్రటి లైట్లకి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచున కూర్చుని లైటుని పట్టుకునే రింగు) ఉంటుంది, దానికి రంధ్రం నాలుగున్నర అంగుళాలు, అంటే దాదాపు 114 మి.మీ. కోయాలి. 4 అంగుళాలు కోసి తర్వాత ఆకురాయితో గంటసేపు తోముతూ కూర్చోకు. అంచు మాత్రం నున్నగా తోము, లేదంటే రబ్బరుని కోసేస్తుంది. సబ్బునీళ్లు రాసి నొక్కితే లైటు దానంతటదే కూర్చుంటుంది. అదురు సగం ఆ రబ్బరే మింగుతుంది.

నీళ్లు రాకుండా బ్రాకెట్ వెనక మొత్తం మూసేద్దామని రాశావు. వద్దు. నీళ్లు ఎలాగూ వస్తాయి, పోయే దారి ఉంచు. అడుగున 6 మి.మీ. రంధ్రం వెయ్యి, వైరు కింది నుంచి లోపలికి వెళ్లేలా చిన్న వంపు ఇవ్వు, నీటి బొట్టు వంపు దగ్గరే జారిపోతుంది. చక్రం విసిరే రాళ్లు తగిలే వైపు మాత్రం రేకు అడ్డం పెట్టు.

ఎర్త్ గురించి, అంటే లైటు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి గురించి, కొంచెం కోప్పడాలి. బ్రాకెట్ బోల్టే ఎర్త్ అవుతుందిలే అని వదిలేశావు. దానికి పెయింట్ అడ్డం, తుప్పు అడ్డం, పైగా కారుకీ ట్రైలర్‌కీ మధ్య ట్రైలర్ తగిలించే, గ్రీజు పూసిన హిచ్ బంతి. ఒక్కో లైటు నుంచి విడిగా ఎర్త్ వైరు ప్లగ్గు దాకా లాగు. ఇండికేటర్ వేసి ఉండగా బ్రేకు తొక్కితే లైట్లన్నీ మసకగా కలిసి మినుకుమంటే, ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. నేను ఒకసారి బల్బులన్నీ మార్చేసి, సాయంత్రానికి ఒక్క వదులు స్క్రూ దగ్గర తేలాను.

రిఫ్లెక్టర్ పట్టీలకి వెల్డింగ్ తప్పదనుకుంటే, ముందు కారు ప్లగ్గు పీకేయి, వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లిప్పు వెల్డు చేసే చోటు పక్కనే పెట్టు. దూరంగా పెడితే కరెంటు చక్రం బేరింగుల్లోంచి పోయి వాటిని పాడు చేస్తుంది. గాల్వనైజ్డ్ (జింకు పూసిన) రేకైతే ఆ పూత తోమేసి బయట గాలిలో చెయ్యి, దాని పొగ పీలిస్తే ఆ రాత్రి జ్వరమే.

మొదటి 100 కి.మీ. అయ్యాక ఆగి ప్రతి నట్టూ చేత్తో తడుము. వెల్డు అంచులో పెయింట్ చిట్లిందేమో చూడు, పగులు ముందు అక్కడే కనిపిస్తుంది.

ఆదివారంలోగా అట్ట బ్రాకెట్లు తగిలించి వెనక నుంచి ఒకటి, రెండు పక్కల ఏటవాలుగా రెండు ఫొటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా గ్రైండర్ ముట్టుకోకు.

నీ మామయ్య