పాత పల్చని డిజిటల్ వాచీని కోనసీమ తేమలో రోజూ పెట్టుకోవచ్చా?

1980ల నాటి వాచీ, అంకెల్లో కొన్ని గీతలు కనిపించడం లేదు, అమలాపురంలో రోజూ వాడుకోవచ్చా అని అడిగారు. వాడుకోవచ్చు, నీళ్లు మాత్రం తగలనివ్వకండి. వెనుక మూత లోపలి రబ్బరు వలయం నలభై ఏళ్లకు గట్టిపడిపోయి, మూత దగ్గర సందు వదులుతుంది. కాబట్టి కేసు మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని చెక్కి ఉన్నా నమ్మవద్దు. అంతర్వేది ఉప్పుగాలికి, మన వేసవి చెమటకు ఆ సందు చాలు.

గీతలు మాయమైతే తెర పోయినట్టు కాదు. తెరకూ సర్క్యూట్‌కూ మధ్య చారల రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. కరెంటు ఆ చారల గుండానే తెరకు చేరుతుంది. దానికి మురికి పట్టినా, అది పక్కకు జరిగినా గీతలు పోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో సున్నితంగా తుడిస్తే చాలాసార్లు తిరిగి వస్తాయి. నల్లమచ్చ పాకుతుంటే మాత్రం తెర పగిలి ద్రవం కారినట్టే, బాగుకాదు.

బ్యాటరీ మీది సంఖ్య చూసి అదే కొనండి. సీఆర్ 2016 అంటే 20 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. మందం. దుకాణంలో అది లేదని 3.2 మి.మీ. మందం ఉన్న 2032 అంటగడితే పల్చని వాచీలో మూత పట్టదు. సిల్వర్ ఆక్సైడ్ బిళ్ల బ్యాటరీ ఉండాల్సిన చోట చవక ఆల్కలైన్ వేయకండి. అది కారితే సర్క్యూట్ తుప్పు పడుతుంది.

నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతైన డబ్బాలో ఉంచండి.