అదృష్టం అని రాయకు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాట మీద ప్రేమతో రాశావు, వాక్యం తడబడలేదు. రెండు పేజీలు హాయిగా చదివాను. మూడో పేజీలో “ఆ తర్వాత అనుకోని అదృష్టం వరించి పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది” అన్నచోట కాగితాలు పక్కన పెట్టి లేచాను. సాయంత్రం దాకా మళ్లీ ముట్టుకోలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

దాని కింద ఎంతమందిని పూడ్చిపెట్టావో చూడు. 1964 మార్చిలో న్యూయార్క్‌లో పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ అనే గాయకుల జంట ఈ పాటను కొలంబియా రికార్డు కంపెనీకి పాడారు. రెండు గొంతులు, మామూలు గిటారు. డ్రమ్ముల జాడ లేదు. అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది, ఎవరూ కొనలేదు. జంట విడిపోయింది. సైమన్ ఇంగ్లండ్ వెళ్లి జానపద క్లబ్బుల్లో పాడుకున్నాడు, గార్‌ఫంకెల్ మళ్లీ చదువులో పడ్డాడు. పాట పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 1965లో బోస్టన్‌లోనూ ఫ్లోరిడాలోనూ కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయడం మొదలుపెట్టాయి. కాలేజీ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు. ఆ కబురు చెవిన పడి, దాన్ని వదలకుండా పట్టుకున్న మనిషి టామ్ విల్సన్. నీ వ్యాసంలో ఆయన “ఒక నిర్మాత”.

ఒక నిర్మాత! టెక్సస్‌లోని వేకోలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, 1950లలోనే సొంతంగా జాజ్ రికార్డుల సంస్థ పెట్టిన నల్లజాతి యువకుడు. జానపద గాయకుడు బాబ్ డిలన్ చేతికి ఎలక్ట్రిక్ వాద్యాలు వచ్చిన రోజుల్లో ఆయన రికార్డులకు నిర్మాత ఈయనే. ఆ వేసవిలోనే బర్డ్స్ బృందం డిలన్ పాటను ఎలక్ట్రిక్ గిటార్లతో పాడి మొదటి స్థానానికి తీసుకెళ్లింది. జానపదానికి రాక్ తోడయితే ఎలా ఉంటుందో విల్సన్ చెవికి తెలుసు. ఆల్ గోర్గోని, విన్నీ బెల్‌ల గిటార్లు, బాబీ గ్రెగ్ డ్రమ్ములు, ఒక బేస్ గిటారు తెప్పించి, పాత టేపు మీదే కొత్త వాద్యాలు కలిపించాడు.

ఇక్కడ నువ్వు ఆగాల్సింది. ఆ పాత టేపు డ్రమ్ముల కోసం పాడింది కాదు. ఇద్దరు కుర్రాళ్లు తమ ఊపిరికి తగ్గట్టు పాడుకున్నది, నడక ఒక్క తీరుగా ఉండదు. దానికి తాళం వేయాలంటే వాద్యకారులే ఆ గొంతుల వెంట నడవాలి. ఒకచోట గొంతులు వచ్చి అందుకునేదాకా వాద్యాలు నెమ్మదిస్తాయి. చెవిపెట్టి వింటే దొరుకుతుంది. రికార్డింగ్ ఇంజినీరు రాయ్ హాలీ ప్రతిధ్వని దట్టంగా చేర్చాడు. ఇదంతా పనమ్మా, అదృష్టం కాదు. అమెరికాలో పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక 1966 జనవరి 1 నాటి పట్టికలో పాట మొదటి స్థానంలో నిలిచింది.

సైమన్‌ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. పాట పైకి ఎక్కుతోందని తెలిసేనాటికి ఆయన డెన్మార్క్‌లో ఉన్నాడు. కొత్త రికార్డు విని, ఆ వాద్యాలు నెమ్మదించే చోట నొచ్చుకున్నాడని చెబుతారు. అడగకపోవడం తప్పే. అదీ రాయాలి.

ఆ నొప్పి నాకు తెలుసు. 1978లో విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. రాత్రిళ్లు ప్రూఫు కాగితాల వెనకవైపు ఒక కథ రాశాను, నాలుగు నెలలు పట్టింది. ఒక వారపత్రిక వేసింది. బస్టాండులో కొని, నడుస్తూ కూడా తెరవకుండా, ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. చివరి పేరా లేదు. ఆ చోట తలనూనె ప్రకటన ఉంది. అమ్మ కాసేపు చూసి “తర్వాత?” అంది. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన నా కథ చదివి కోయలేదు, స్కేలు పెట్టి కొలిచి కోశాడు. విల్సన్ విన్నాడు, విన్నాక చేర్చాడు. ఇద్దరూ అడగలేదు, అయినా ఇద్దర్నీ ఒక గాటన కట్టలేను. నీలాంటివాళ్లు విల్సన్‌ను “ఒక నిర్మాత” అన్నప్పుడు మాత్రం నాకు ఆ తలనూనె ప్రకటనే గుర్తొస్తుంది. మనిషి ఉండాల్సిన చోట మరేదో ఉంది.

పాట పేరును “మౌన ఘోష” అని తెనిగించావు. వద్దు. మౌనం మనిషి పాటించేది. మౌనం అర్ధాంగీకారం అంటాం, నిశ్శబ్దం అర్ధాంగీకారం అని ఎవరూ అనరు. ఈ పాటలో మనుషులు నోరు మెదుపుతూనే ఉన్నారు, చెవులు పనిచేస్తూనే ఉన్నాయి, ఒకరి మాట ఒకరికి చేరదు. అది నిశ్శబ్దం. మనుషుల మధ్య మనసు విప్పి మాట్లాడుకోలేకపోవడమే ఈ పాట అని గార్‌ఫంకెల్ కచేరీలో చెప్పాడు కూడా.

వ్యాసాన్ని కెన్నెడీ హత్యతో మొదలుపెట్టావు. పాట పుట్టుక అడిగితే సైమన్ చెప్పింది స్నానాల గది గురించి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో అమ్మానాన్నల ఇల్లు, గోడలకు పలకలు, వాటివల్ల గిటారుకు ప్రతిధ్వని. కుళాయి తిప్పి, దీపం ఆర్పి, ఆ నీళ్ల చప్పుడులో వాయించుకునేవాడు. ఇరవై దాటీ దాటని కుర్రాడు పాట మొదట్లోనే చీకటిని ఆత్మీయుణ్ణి పలకరించినట్టు పలకరించడానికి ఆ కుళాయి చాలు. అధ్యక్షుడి హత్యను మోసుకురావడం ఎందుకు? ఈ మధ్య ప్రతి వ్యాసమూ ఏదో ఒక మహా సంఘటనతో మొదలవ్వాలన్న ఫ్యాషన్ వచ్చింది. నాకు సహించదు.

వారసత్వం మీద రెండు పేజీలు ఎక్కువ. 1967లో ‘ద గ్రాడ్యుయేట్’ సినిమా, 2015లో డిస్టర్బ్డ్ బృందం గంభీరంగా పాడిన తీరు, ఒక్కో వాక్యం చాలు. 2011 సెప్టెంబరు 11ను మాత్రం విప్పి రాయి. జంట భవనాలు కూలిన చోట, పదేళ్ల తర్వాత, డెబ్బైకి దగ్గరపడిన సైమన్ ఒక్కడే గిటారు పట్టుకుని ఈ పాట పాడాడు. డ్రమ్ములు లేవు. 1964 నాటి టేపు లాగే.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. సైమన్, గార్‌ఫంకెల్ ఇద్దరూ 1957లో టామ్ అండ్ జెర్రీ అన్న పేరుతో ఒక రికార్డు చేశారు. ఈ పాటకు సొంత పేర్లే పెట్టుకున్నారు.

ఇక పని. రెండు రికార్డింగులూ వెంటవెంటనే విను, ఇంట్లో అందరూ పడుకున్నాక. వాద్యాలు ఎక్కడ నెమ్మదించాయో నిమిషం, సెకను రాసి పంపు. టామ్ విల్సన్ పేరు మొదటి పేజీలోకి వచ్చాక వ్యాసం మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు