తెల్లపొడి బదులు గోధుమరంగు పొడి వస్తోందా? ఇనుము సంగతి చూడు

తమ్ముడూ, తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడి కోసం కళింగపట్నం నల్ల ఇసుకలోంచి ఇల్మనైట్ (ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం) తీసి, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఉడికించి, నీళ్లు కలిపి మరిగిస్తే గోధుమరంగు పొడి వస్తోందన్నావు కదా. యాసిడ్ తప్పేం లేదు. ద్రావణంలో ఫెర్రిక్ (మూడు వేలెన్సీ) ఇనుము మిగిలిపోయింది. మరిగించేటప్పుడు టైటానియంతో పాటు అదీ అడుక్కి దిగిపోతుంది. ఫెర్రస్ (రెండు వేలెన్సీ) రూపంలో ఉంటే అంత యాసిడ్‌లో దిగదు, ద్రావణంలోనే ఉండిపోతుంది.

అందుకని వడకట్టిన ద్రావణంలో లేత్ షాపు ఇనుప రజను, నూనె జిడ్డు కడిగేసి, కొంచెం కొంచెంగా వెయ్యి. హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో మంట వద్దు. లేత ఊదారంగు కనబడగానే ఆపెయ్యి. ఆ రంగు మూడు వేలెన్సీ టైటానియంది. అది వచ్చిందంటే ఫెర్రిక్ అయిపోయినట్టే. ఇదంతా 60 డిగ్రీల లోపే జరగాలి, వేడెక్కితే టైటానియం ముందే ముద్దగా దిగిపోతుంది. తర్వాత ఐసులో పెడితే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పచ్చటి స్ఫటికాలుగా దిగుతుంది, వడకట్టెయ్యి. ఇప్పుడు మరిగించు.

అలా మరిగిస్తే దిగిన ముద్దని మామూలు నీళ్లతో కాదు, ముందు పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడుగు. కడిగిన నీటిలో చుక్క నైట్రిక్ యాసిడ్, ఆపైన థయోసైనేట్ వేస్తే ఎర్రబడకూడదు, ఎర్రబడితే ఇనుము ఇంకా ఉన్నట్టే. అప్పుడే 900 డిగ్రీల దగ్గర కాల్చు. కొలిమిలోంచి తీయగానే పసుపుగా ఉంటే కంగారు పడకు, చల్లారనీ.

ఇంకోటి, ఇసుకలో మామూలు అయస్కాంతానికి అంటుకునేది ఎక్కువగా మాగ్నెటైటే (ఇనుప ఖనిజం). దాన్ని పారేసి, నియోడిమియం అయస్కాంతంతో ఇల్మనైట్ లాగు. ఆ ఇసుకలోనే ఉండే మోనజైట్ అనే ఖనిజంలో రేడియోధార్మిక థోరియం ఉంటుంది, కాబట్టి ఇసుకని తడపకుండా నూరొద్దు. మిగిలిన ఇసుక ల్యాబ్ సింకులో పొయ్యకుండా మీ గైడ్‌కి అప్పజెప్పు.