ఇంటర్న్‌షిప్ కొనుక్కుని, కోర్సుకి అప్పు తెస్తారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తున్నాను. మా అమ్మాయి భీమవరంలో బీకాం కంప్యూటర్స్ చివరి ఏడాది. నాలుగు వేలిస్తే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి సర్టిఫికెట్ దొరుకుతుందట. ఆ సమయంలో హైదరాబాద్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్న కోర్సు చేయిద్దామనుకుంటున్నాం. ఫీజు, హాస్టల్ కలిపి 1.8 లక్షలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు, లేదంటే మా ఆవిడ బంగారం ఉంది. ఇంటి ఖర్చు నెలకు 24 వేలు, బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఇదే పొరపాటు చాలామంది తల్లిదండ్రులు చేస్తున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

మీరు లక్షా ఎనభై వేలు పోసి కొనాలనుకుంటున్నది మీ అమ్మాయి డిగ్రీలోనే ఉంది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. పిల్లలు డిగ్రీ చేతికొచ్చే లోపే పని నేర్చుకోవాలనే పెట్టారు దీన్ని. కొన్ని కాలేజీల్లో ఇది రికార్డు రాసి సంతకం పెట్టించుకునే తంతుగా మారిన మాట నిజమే. మా ఆఫీసుకి ఇంటర్న్‌షిప్ కోసం వచ్చేవాళ్లలోనూ కొందరు "రాకుండా సర్టిఫికెట్ ఇస్తారా సార్" అని అడుగుతారు. అలా కాగితం కొనుక్కుని, పని రాలేదని మళ్లీ బయట ఫీజు కట్టడం ఏం లెక్కో నాకర్థం కాదు.

బీకాం పిల్లకి హైదరాబాదే దేనికి? భీమవరంలో ఒక ఆడిటర్ దగ్గర చేర్పించండి. నెలనెలా 11న, 20న జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి. ఆ రోజుల్లో అక్కడ కూర్చుంటే బిల్లు ఎక్కడ తప్పిందో పట్టుకోవడం, పార్టీకి ఫోన్ చేసి మర్యాదగా అడగడం, ఎక్సెల్, ట్యాలీ అన్నీ వస్తాయి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు అకౌంట్స్ విభాగమైనా, రైస్ మిల్లయినా సరే. ఇంకేదైనా నేర్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయేమో కాలేజీలో అడగండి. డిగ్రీ అయ్యాక స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌కి కేంద్ర ప్రభుత్వ నాట్స్ (NATS) పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. గ్యారంటీ కోర్సు కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. చాలాచోట్ల గ్యారంటీ ఇంటర్వ్యూలకి పంపడం వరకే ఉంటుంది.

ఇక మీ అసలు సమస్య. 24 వేల ఖర్చున్న ఇంట్లో 35 వేలంటే నెలన్నర కూడా గడవదు. జీతగాళ్లకి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. చెరువు మీద బతికే ఇంటికి తొమ్మిది నెలలు, అంటే 2,16,000 ఉండాలి. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత అనే ధరలు) ఎలా పడిపోయాయో నాకంటే మీకే బాగా తెలుసు. రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వస్తే అసలు పట్టుబడే, అంటే చెరువు పంటే ఉండదు. అప్పుడు మేత కొట్టు బాకీ ఒక పక్క, ఈ వడ్డీ ఒక పక్క. రెండు రూపాయలంటే నెలకు 3,600, ఏడాదికి 43,200, అసలు అలాగే ఉంటుంది. కూతురి ఉద్యోగం మీద ఆశతో ఏడాదికి 24 శాతం వడ్డీకి తేవడం నా దృష్టిలో జూదమే. పైగా డిగ్రీ అవగానే ఉద్యోగం రాదు, నాలుగైదు నెలలు పట్టొచ్చు. ఇంట్లో డబ్బుంటే ఆ పిల్ల సరైన ఉద్యోగం కోసం ఆగగలదు. నెత్తిన అప్పుంటే మొదట దొరికిన ఏడెనిమిది వేల జీతానికే తల ఊపేస్తుంది.

కాబట్టి ఈ పట్టుబడి డబ్బులో మేత కొట్టుకి కట్టగా మిగిలినదాంట్లో కనీసం సగం వేరే ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు. 2,16,000 అయ్యేదాకా ప్రతి పంటకీ ఇదే. మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే బీమా) ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ఆ నాలుగు వేలు మాత్రం ఇంకా కట్టకపోతే అమ్మాయి భీమవరం బస్ పాస్‌కి వాడండి.