అమ్మలూ, ఆ కుర్రాళ్లకి ముందు ఫోన్ చెయ్యి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు మధురవాడలో ఉద్యోగం మానేసి చేపల డోర్ డెలివరీ పెడుతున్నావని. ముందు గుండె ఝల్లుమంది, తర్వాత మీ అత్తయ్యకి రెండుసార్లు గొప్పగా చెప్పుకున్నా, మూడోసారి మొదలెడితే విన్నాలెండి అనేసింది.

లైసెన్సు, జీఎస్టీ, థర్మోకోల్ బాక్సులు అవన్నీ నీకు తెలుసు. కిలో చేపకి కిలో ఐస్, అక్కడ పిసినారితనం వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులు జీతాలు ఎక్కణ్ణుంచి ఇస్తావో ఇప్పుడే రాసిపెట్టుకో.

కానీ షాపు ఎంవీపీ కాలనీలోనా మధురవాడలోనా అని మూడు నెల్లుగా తేల్చట్లేదట, పనికి మాట్లాడిన ఇద్దరు కుర్రాళ్లని రేపు రండి ఎల్లుండి రండి అని తిప్పుతున్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

హుద్‌హుద్ తుఫాను అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. హార్బర్ దగ్గర నాకు షెడ్డు ఉండేది కదా, 2014 అక్టోబర్, లోపల కోనాం, చందువ, రొయ్య కలిపి రెండు టన్నుల దాకా సరుకుంది, శుక్రవారానికే టీవీల నిండా తుఫానే. హైదరాబాద్ పార్టీ ఫోన్ చేసి కిలోకి ఇరవై తగ్గిస్తే ఇప్పుడే లారీ ఎత్తించేస్తానన్నాడు. చూద్దాం అన్నాను. మేస్త్రి వచ్చి జనరేటర్‌కి డీజిల్ తెచ్చి ఉంచమంటారా అన్నాడు. చూద్దాం. శనివారం మళ్లీ వచ్చి కలాసీలం ఇళ్లకి పోమంటారా అన్నాడు, దానికీ అదే మాట. నా భయం ఏటంటే, తుఫాను అటు ఒడిశా వైపు పోతే ఇరవై రూపాయలు పోగొట్టుకున్న వెర్రిబాగులోడు అని హార్బరంతా నవ్వుతుందని.

12వ తారీఖు ఆదివారం మన విశాఖ నెత్తిమీదే తీరం దాటింది. రేకులు లేచిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, సరుకంతా కుళ్లితే గొయ్యి తీసి పూడ్చాం. సర్లే, ఆ అప్పు రెండేళ్లకి తీరిపోయింది. సోమవారం తెల్లారగానే పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్తే, ఐస్ క్రషర్ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు మేస్త్రి. రేకు తగిలి చెయ్యి కోసుకుపోతే లుంగీ చింపి కట్టుకున్నాడు. ఇంటికి పోలేదేటి అంటే, "తమరు పొమ్మనలేదు కదండీ" అన్నాడు, మామూలుగానే.

ఏడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఆ చేత్తోనే మనవణ్ణి ఎత్తుకుంటున్నాడులే, అయినా కనపడ్డప్పుడల్లా నా చూపు ముందు ఆ మచ్చ మీదకే పోతుంది.

అందుకే తిడుతున్నా. నువ్వు ఎక్సెల్‌లో లెక్కలు వేసుకుంటుంటే అక్కడ వాళ్లు వేరే పని వదులుకుని కూర్చుంటారు. తప్పు చోట పెడితే పెట్టావు, అడ్వాన్స్ పోతే పోతుంది, మీ మావయ్య ఇంకా బతికే ఉన్నాడు కదా.

ఏ ఏరియా మంచిదని నన్ను అడక్కు. అడ్వాన్స్ ఇచ్చేశాకే ఫోన్ చెయ్యి, ముందు చేస్తే నేనూ చూద్దాం అంటానేమో. ఆ కుర్రాళ్లకి మాత్రం ఇవాళే చెప్పు, రమ్మనో వద్దనో. మొదటిరోజు తెల్లారగట్ల హార్బర్‌లో చేపల వేలం పాటకి నేనూ వస్తా, దూరంగా నిలబడతాలే.

పెద్దమావయ్య