పాఠం పేరుతో వెతక్కు, పిల్లలు ఆగిపోయే చోటుతో వెతుకు

నాన్నా,

నువ్వు పంపిన లింకుల పట్టిక చూశాను. నలభైకి పైనే ఉన్నాయి. వచ్చే వారం పాఠాలకు నేరుగా పనికొచ్చేవి ఏవని చూస్తే నాలుగో ఐదో తేలాయి. మిగతావన్నీ ఎప్పుడైనా పనికొస్తాయిలే అని దాచుకున్నవే. ఉచితంగా దొరికే సామగ్రితో కొత్త టీచర్లందరికీ ముందు జరిగేది ఇదే. రూపాయి ఖర్చు కాదు గానీ వెతుకులాటలో రాత్రుళ్లు కరిగిపోతాయి. అందుకని ముందు వెతకడం గురించి చెబుతాను.

పాఠం పేరు కొట్టి వెతక్కు. "విద్యుత్తు" అని కొడితే పేజీలకు పేజీలు వస్తాయి, దేన్ని తీసుకోవాలో తేల్చుకోలేవు. దాని బదులు ఆ పాఠంలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకో. "బల్బు కరెంటును వాడేసుకుంటుంది, బల్బు దాటాక కరెంటు తగ్గుతుంది అనుకుంటారు." ఇలాంటి వాక్యం చేతిలో ఉంటే ఏ వీడియో తెరిచినా అర నిమిషంలో తేలిపోతుంది, ఈ అపోహను కదిలించేదా కాదా అని. కదిలించకపోతే ఎంత అందంగా ఉన్నా మూసెయ్.

ఆ బల్బు సంగతే చూద్దాం. కార్ల్ వీమన్ అనే భౌతికశాస్త్రవేత్త కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. అందులో "సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ" తెరువు. బ్యాటరీ, బల్బు, తీగలు లాగి చుట్టూ కలిపి, మధ్యలో కరెంటును కొలిచే అమ్మీటరు పెట్టు. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓములు, కాబట్టి 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఇక్కడ ఆగాలి. రెండో బల్బును శ్రేణిలో కలపబోతున్నానని చెప్పి, మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత అమ్మీటరు ఎంతెంత చూపిస్తుందో నోటుబుక్కులో మూడు అంకెలు రాయమను. అందరూ రాసి పెన్ను కింద పెట్టేదాకా మౌసు ముట్టుకోకు. చాలామంది తగ్గుతూ పోయే అంకెలే రాస్తారు. తర్వాత కలిపి చూపించు, మూడు చోట్లా 0.45. తమ అంకెకూ తెర మీది అంకెకూ తేడా కనబడినప్పుడే "ఎందుకు?" అన్న ప్రశ్న వాళ్లలోంచి వస్తుంది. అంకె రాయించకుండా నేరుగా చూపిస్తే "అవును, నేనూ అదే అనుకున్నా" అని తలూపి ఊరుకుంటారు.

పిల్లల చేతికే కంప్యూటరు ఇస్తే ఇంకో గొడవ ఉంది. బ్యాటరీ రెండు కొసలనూ ఒకే తీగతో కలిపితే తెర మీద మంట వస్తుంది. ఒకడు కనిపెట్టాడంటే రెండో నిమిషానికి క్లాసంతా మంటలే. దాన్ని ఆపబోకు. మొదటి నాలుగు నిమిషాలు ఇష్టమొచ్చినట్టు ఆడుకోనిచ్చి, తర్వాత పని అప్పజెప్పు. ఆట తీరని పిల్లలు నీ మాట ఎలాగూ వినరు. ఇంకొకటి: ఈ బల్బు ఎంత వేడెక్కినా 10 ఓములే. నిజమైన బల్బు ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. అందుకే ల్యాబులో వచ్చిన అంకెలు తెర మీది అంకెలతో సరిపోవు. ఆ మాట ముందే చెప్పకపోతే పిల్లలు ప్రయోగమే తప్పనుకుంటారు.

లెక్కలకు జియోజీబ్రా ఉంది, ఆకారాలు గీసి కదిలించి చూసే సాఫ్ట్‌వేర్, వ్యాపారానికి కాకపోతే ఉచితం. త్రిభుజం గీసి, కోణాలు కనబడేలా పెట్టి, ఒక శీర్షాన్ని పట్టుకుని లాగితే ఏ ఆకారానికైనా మొత్తం 180 డిగ్రీలే అని చూపించడం అందరూ చేసేదే. దశాంశాలు లేకుండా పూర్ణాంకాలకు సవరించేలా అమర్చి ఉంటే మాత్రం ఒక చిక్కు వస్తుంది. అసలు కోణాలు 45.4, 67.3, 67.3 అనుకో. తెర మీద 45, 67, 67 అని పడతాయి. చురుకైన పిల్ల కూడి 179 అంటుంది. కంగారుపడి తెర మూసేశావంటే సూత్రం మీదే అనుమానం మిగిలిపోతుంది. సెట్టింగుల్లో ఒక దశాంశ స్థానం పెంచి చూపించు, లెక్క సరిపోతుంది. నన్నడిగితే ఆ 179ని కావాలనే రానిచ్చి, సవరింపు గురించి పది నిమిషాలు మాట్లాడటమే మేలైన పాఠం.

జీవశాస్త్రం బొమ్మలకు వికీమీడియా కామన్స్‌కు వెళ్లు. అక్కడ ఎస్‌వీజీ రకం ఫైలు దొరికితే అదే తీసుకో. ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు, పైగా ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఇంగ్లిష్ పేర్లు తీసేసి తెలుగులో రాసుకోవచ్చు. పేర్లన్నీ చెరిపేసి బాణాలు మాత్రం ఉంచితే పరీక్ష కాగితం తయారు. అక్షరం మీద రెండుసార్లు నొక్కినా కర్సరు రాకపోతే, గీసినవాళ్లు ఆ అక్షరాలను గీతలుగా మార్చేశారన్నమాట. అప్పుడు వాటిని ఎంచుకుని తొలగించి కొత్తగా టైపు చెయ్యాలి. కృత్రిమ మేధ గీసిన గుండె బొమ్మలు, కణం బొమ్మలు ఇప్పుడు నెట్ నిండా తిరుగుతున్నాయి. రంగులు అద్భుతంగా ఉంటాయి, రక్తనాళం మాత్రం తప్పు గదిలోకి వెళ్తుంటుంది. ప్రతి పేరునూ ప్రతి బాణాన్నీ పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడు.

భూగోళానికి ఒక్కటే చెబుతాను. గోడ మీది పటాల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. "ట్రూ సైజ్" అనే సైటులో గ్రీన్‌లాండ్‌ను పట్టుకుని భూమధ్యరేఖ మీదకు లాగితే అది కళ్లముందే కుంచించుకుపోతుంది. అక్షాంశాలు, ప్రక్షేపం అంటూ బోర్డు మీద అరగంట రాసినా అంత బాగా ఎక్కదు.

చరిత్రకు పాత ఫొటోలు, ఉత్తరాలు, పటాలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బోలెడు ఉన్నాయి. వాళ్లు టీచర్లకిచ్చే విశ్లేషణ పద్ధతి మూడు ముక్కల్లో ఉంటుంది: ఏం కనబడుతోంది, దాన్నిబట్టి ఏమనుకుంటున్నావు, ఇంకా ఏం తెలుసుకోవాలి. మొదటి రెంటినీ పిల్లలు కలిపేస్తారు. ఫొటోలో మనిషి చెప్పులు లేకుండా ఉన్నాడన్నది కనబడేది, బీదవాడన్నది అనుకునేది. బోర్డు మీద రెండు గడులు గీసి, "బీదవాడు" అన్న మాట మొదటి గడిలో పడినప్పుడల్లా రెండో దానిలోకి మార్పించు. ఇక ఫొటో కింద వివరం, తేదీ లేని బొమ్మను తరగతికి తేకు. ఎవరు తీశారో తెలియని ఫొటోతో చరిత్ర చెప్పలేం.

చదవడం నేర్పడానికి ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ బాగుంటుంది. తెలుగు కథలూ ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. వయసును బట్టి కాక, పిల్లవాడు తడబడకుండా ఎంత చదవగలడో దాన్నిబట్టి స్థాయి ఎంచుకో. ఇంగ్లిష్ పాత సాహిత్యానికి ఉచిత పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్, అలాంటి పుస్తకాలనే వాలంటీర్లు చదివి వినిపించే లిబ్రివాక్స్ ఉన్నాయి. లిబ్రివాక్స్‌లో చాలా పుస్తకాలకు చదివేవాళ్లు, వాళ్లతోపాటు ఉచ్చారణ ఒక్కో అధ్యాయానికీ మారుతుంటారు, కాబట్టి వినిపించబోయే భాగాన్ని నువ్వు ముందే మొత్తం వినాలి. గూటెన్‌బర్గ్ వాళ్లు కాపీరైటు హక్కులు తీరిపోయాయని చెప్పేది అమెరికా చట్టం ప్రకారం. నువ్వున్న దేశంలో లెక్క వేరుగా ఉండొచ్చు.

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదువు, నీ పట్టికలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే ఉన్నాయి. ఉచితంగా చూడనివ్వడం వేరు, కాపీ చేసుకోనివ్వడం వేరు. క్రియేటివ్ కామన్స్ అని ఉంటే కొన్ని షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సు అన్నమాట, ఆ పక్కనున్న అక్షరాలు చూడు. బీవై అంటే చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎస్‌ఏ అంటే నువ్వు మార్చి పంచుకునేదానికీ అదే లైసెన్సు ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. అందరూ పప్పులో కాలేసేది ఈ ఎన్‌డీ దగ్గరే. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఎన్‌డీ ఉన్న ఇంగ్లిష్ వర్క్‌షీటును తెలుగు చేసి టీచర్ల గ్రూపులో పెట్టావంటే షరతు తప్పినట్టే. ఎస్‌ఏ దగ్గర ఇంకో మెలిక ఉంది. బీవై-ఎస్‌ఏ బొమ్మనూ బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ బొమ్మనూ కలిపి ఒకే కొత్త బొమ్మగా చేసి పంచలేవు, ఎందుకంటే రెండూ తమ తమ లైసెన్సే కావాలంటాయి. విడివిడిగా పక్కపక్కన పెట్టుకుంటే ఇబ్బంది లేదు. ఏ లైసెన్సూ రాసి లేకపోతే అన్ని హక్కులూ వాళ్లవేనని అనుకో. అలాంటప్పుడు లింకు ఇవ్వు, కాపీ చెయ్యకు. కాపీ చేసిన ప్రతిదాని కిందా శీర్షిక, చేసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు, ఈ నాలుగూ చిన్న అక్షరాల్లో రాయి. "గూగుల్ నుంచి" అని రాయడం అంటే ఏమీ రాయనట్టే.

గూగుల్‌లో బొమ్మలు వెతికేటప్పుడు టూల్స్ నొక్కి, వాడుక హక్కుల దగ్గర క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే సగం చెత్త పోతుంది. అయినా అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చూసుకోవాల్సిందే. తెలుగు మాటతోనూ ఇంగ్లిష్ మాటతోనూ రెండుసార్లు వెతుకు. "కిరణజన్య సంయోగక్రియ"కు దొరకనిది "ఫొటోసింథసిస్"కు దొరుకుతుంది. తెలుగు పీడీఎఫ్ లోంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు పడ్డాయంటే అది యూనికోడ్ కాని పాత ఫాంటుతో చేసిన ఫైలు. దానితో కుస్తీ పట్టకు. ఒక పేజీ లోపైతే కొత్తగా టైపు చేసుకోవడమే తొందరగా అయ్యే పని.

వర్క్‌షీటు ఏదైనా సరే, ముందు నువ్వు పెన్ను పట్టుకుని మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా చెయ్యి. జవాబుల పేజీని నమ్మకు, ఉచిత వర్క్‌షీట్లలో తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే. పైగా చేస్తున్నప్పుడే తెలుస్తుంది, ఇరవై లెక్కల్లో పదిహేను ఒకే రకమని. ఆరు ఉంచి మిగతావి కొట్టెయ్. అచ్చు వేసేటప్పుడు అమెరికా సైట్ల కాగితం కొలత లెటర్, 216 మిల్లీమీటర్ల వెడల్పు. ఏ4 వెడల్పు 210. "పేజీకి సరిపెట్టు" అని నొక్కితే బొమ్మంతా కుదించుకుపోయి, 10 సెంటీమీటర్ల కాగితపు స్కేలు 9.7కు దిగుతుంది. పిల్లలు దానితో కొలిచినదల్లా తప్పే. కొలతలున్న పేజీని నూరు శాతం దగ్గర అచ్చు వేసి, నిజమైన స్కేలు పెట్టి సరిచూడు. కోణమానినికి ఈ బాధ లేదు, కుదించినా కోణాలు మారవు. రంగుల గ్రాఫును నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తే ఎరుపు గీత, పచ్చ గీత ఒకే బూడిద రంగులో వస్తాయి. ముందే ఒకదాన్ని చుక్కల గీతగా మార్చు.

వీడియో మూడు నిమిషాలు దాటనివ్వకు. పదిహేను నిమిషాల వీడియోలో నీకు కావాల్సిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిమిషాలు, సెకన్లు రాసుకుని అంతవరకే వెయ్యి. మధ్యలో ఎక్కడ ఆపి ఏం అడగాలో కూడా అక్కడే రాసుకో. ధ్వని తరగతి చివరి బెంచీ నుంచి వినబడుతోందో లేదో ముందురోజే చూడాలి, నీ హెడ్‌ఫోన్స్‌లో బాగున్నది అక్కడ గుసగుసలా వస్తుంది.

నెట్‌ను నమ్ముకోకు. ఫెట్ సిమ్యులేషన్లు చాలావరకు ఒక్కో ఫైలుగా దిగుమతి చేసుకోవచ్చు, బ్రౌజర్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటాయి. కివిక్స్ అనే ఉచిత రీడర్‌లో వికీపీడియాను మొత్తం దింపి పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌ది బొమ్మలతో వంద జీబీకి పైనే ఉంటుంది గానీ ఒక్కో సబ్జెక్టుకు చిన్న ముక్కలూ ఉన్నాయి. ఏదైనా సరే తరగతిలో వాడబోయే కంప్యూటర్లోనే ఒకసారి నడిపి చూడు. నీ ఫోన్‌లో నడిచినంత మాత్రాన సరిపోదు. పిల్లల ఈమెయిల్, పుట్టినతేదీ అడిగే సైటైతే వెనక్కి వచ్చెయ్. చాలా సైట్లు 13 ఏళ్ల లోపు పిల్లలను సొంతంగా ఖాతా తెరవనివ్వవు, తప్పు వయసు రాయించి చేర్పించడం మన పని కాదు.

వాడిన ప్రతిదానికీ ఫైలు పక్కనే చిన్న నోటు పెట్టు. ఎక్కడ దొరికింది, లైసెన్సు ఏమిటి, తరగతిలో ఎక్కడ తేడా కొట్టింది. ఫైలు పేరులో తరగతి, సబ్జెక్టు, పాఠం, నెల ఉండాలి. "కొత్తది ఫైనల్ 2" లాంటి పేర్లు పెట్టావంటే వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. బాగా పనికొచ్చిన పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేసి, ఆ లింకూ రాసుకో. సైట్లు చెప్పకుండా మాయమవుతుంటాయి.

ఆ నలభై లింకులను ప్రస్తుతానికి పక్కన పెట్టు. వచ్చే సోమవారం ఏ పాఠం మొదలుపెడుతున్నావో, అందులో పిల్లలు ఎక్కడ ఆగిపోతారనుకుంటున్నావో రెండు ముక్కలు రాసి పంపు. దానికి ఏది సరిపోతుందో నేనూ చూసి పెడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ