చెవిలో హోరు ఉందని భజన మానక్కర్లేదు, పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. మల్కాజిగిరిలో ఉంటాం. ఎనిమిది నెలలుగా కుడి చెవిలో ఒకటే గుయ్‌మని శబ్దం. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. శనివారాలు మా కాలనీ గుడిలో భజనకు డోలక్ వాయిస్తాను. ఆదివారం తెల్లవారుజామునే స్నేహితులతో కలిసి అమీన్‌పూర్ చెరువుకు పక్షులను చూడ్డానికి వెళ్తాను. రాత్రిళ్లు ఇయర్‌ఫోన్స్‌తో పాత పాటలు వినడం అలవాటు. ఇవన్నీ మానేయమని ఇంట్లో రోజూ గొడవ. తెలిసినాయన చెబితే వెల్లుల్లి కాచిన నూనె చెవిలో వేశాను. మా ఆవిడకు ఎప్పుడో రాసిన చుక్కల మందు కూడా వాడాను. యూట్యూబ్‌లో చూసి నరాల బలానికి మాత్రలు రెండు నెలలు వేసుకున్నాను. ఏమీ తగ్గలేదు. ఈమధ్య కుడి చెవికి మాట స్పష్టంగా లేక ఫోన్ ఎడమ చెవి దగ్గరే పెట్టుకుంటున్నాను. బీపీకి రోజూ మాత్ర, మోకాళ్లకు అప్పుడప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటాను. నా సరదాలన్నీ వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: సరదాల సంగతి తప్పకుండా చెబుతాను. దానికన్నా ముందు మాట్లాడుకోవాల్సింది మీ ఫోన్ గురించి. కుడి చెవికి మాట స్పష్టంగా లేదని చివర్లో ఏదో మామూలు విషయంలా రాశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది అదే.

చెవిలో హోరు, అంటే టినిటస్, పెద్దవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఎంతో కొంత ఉంటుంది. రెండు చెవుల్లో సమానంగా ఉంటే ఒక లెక్క. ఒక్క చెవిలోనే ఉండి, ఆ చెవికే వినికిడి కూడా తగ్గితే వేరే లెక్క. కారణం చాలా చిన్నదే కావచ్చు. గుబిలి గట్టిపడి ఉండొచ్చు, ఫంగస్ పట్టి ఉండొచ్చు, కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. మధ్య చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోవడం, లోపలి చెవిలో ద్రవం ఒత్తిడి పెరగడం కూడా కారణాలే. అరుదుగా వినికిడి నరం పక్కన చిన్న గడ్డ నిదానంగా పెరుగుతూ ఉంటుంది. అది క్యాన్సర్ కాదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేది. కానీ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చేయగలిగినవి ఎక్కువ, పెద్దదయ్యాక దొరికితే తక్కువ. మీకు అదే ఉందని నేను అనడం లేదు. ఇలాంటి లక్షణాలతో స్కాన్ చేయించుకున్నవారిలో చాలామందికి గడ్డ ఏమీ కనిపించదు. అయినా లేదని తేల్చుకోవాలి కదా.

మీరు రాయని విషయాలు కొన్ని ఉన్నాయి. వినికిడి ఒక్కరోజులో తగ్గిందా, నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందా? తల తిరుగుతోందా? నడుస్తుంటే ఒకవైపు తూలుతున్నారా? ముఖం ఒకవైపు తిమ్మిరిగా ఉంటోందా? ఆ శబ్దం ఒకే తీరుగా ఉందా, గుండె కొట్టుకున్నట్టు లబ్‌డబ్‌మని వస్తోందా? నాడితో కలిసి వచ్చే హోరు అయితే రక్తనాళాల వైపు కూడా చూడాల్సి ఉంటుంది, దాని పరీక్షలు వేరు. వీటికి జవాబులు రాసి పెట్టుకుని ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లండి. ముందు చెవి లోపల చూస్తారు. తర్వాత ఏ చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, మధ్య చెవి ఒత్తిడి చూసే టింపనోమెట్రీ చేస్తారు. ఏ పరీక్షకూ నొప్పి ఉండదు. రెండు చెవుల గ్రాఫుల మధ్య తేడా కనిపిస్తే కాంట్రాస్ట్‌తో, అంటే స్కాన్ స్పష్టంగా రావడానికి రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ రాసే అవకాశం ఉంది. ఒంట్లో స్టెంట్, పేస్‌మేకర్, ప్లేట్లు లాంటివి ఉంటే ముందే చెప్పాలి. నొప్పి మాత్రలు వాడుతున్నారు, బీపీ కూడా ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష కూడా అడగొచ్చు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఉదయం లేచేసరికో, పని మధ్యలోనో ఉన్నట్టుండి ఒక చెవి దిబ్బడ వేసినట్టయి వినిపించకపోతే, దాన్ని జలుబు ఖాతాలో వేసి ఆవిరి పట్టుకుంటూ కూర్చోవద్దు. అది లోపలి చెవి నరం దెబ్బతినడం కావచ్చు. స్టెరాయిడ్ చికిత్స తొలి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం మెరుగ్గా ఉంటుంది. రెండు వారాలు దాటేకొద్దీ ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. నెల తర్వాత వచ్చి ‘తగ్గుతుందేమో అని చూశాను’ అనే పేషెంట్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ నెలను ఏ మందూ వెనక్కి తేలేదు. అలాగని స్టెరాయిడ్ మాత్రలు మెడికల్ షాపులో మీరే కొనుక్కుని వేసుకోవద్దు. షుగర్, బీపీ పెరుగుతాయి, మోతాదు చూసి ఇవ్వాల్సిన మందు అది.

ఇక మీరు చేసిన సొంత వైద్యం. కోపంతో అనడం లేదు కానీ, అనక తప్పదు. వెల్లుల్లి నూనె హోరును తగ్గించదు, హోరు పుట్టే చోటికి అది చేరనే చేరదు. వేడిగా ఉంటే చెవి రంధ్రంలోని చర్మం కాలుతుంది. వానాకాలంలో మన హైదరాబాద్ తేమకు నూనె తోడైతే ఫంగస్ పట్టడం తేలిక. దురద పుడుతుంది, దురదకు పిన్నీసో బండి తాళం చెవో పెట్టి గోకుతారు, పుండవుతుంది. వారం వారం చూస్తున్న వరస ఇది.

మీ ఆవిడకు రాసిన చుక్కల మందు ఇంకా పెద్ద తప్పు. ఆ సీసాలో ఏముందో మీరు రాయలేదు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులున్న చుక్కలు కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో పడితే లోపలి చెవికే దెబ్బ తగలొచ్చు. చిల్లు ఉందో లేదో మీకు తెలియదు, షాపులో అబ్బాయికీ తెలియదు. పైగా మూత తీసి వాడిన చుక్కల మందు సాధారణంగా నెల దాటితే పారేయాల్సిందే. ఒకరికి రాసిన చుక్కలు ఇంకొకరి చెవిలో వేయకూడదు, భార్యాభర్తలైనా సరే. సీసా పారేసి ఉండకపోతే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

నరాల బలం మాత్రల గురించి కూడా చెప్పేస్తాను. బీ12 తక్కువగా ఉన్నవాళ్లకు బీ12 ఇవ్వాలి, నిజమే. అది రక్తపరీక్షలో తేలుతుంది. జింక్, జింకో (ఒక చెట్టు ఆకుల సారం) లాంటివి అందరికీ టినిటస్ మందులుగా ఇవ్వొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లోనే చెప్పింది. హోరును పూర్తిగా ఆపే మాత్ర ఇప్పటివరకు లేదు. ఉందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. మీ మోకాళ్ల నొప్పి మాత్రలకు మాత్రం హోరును పెంచే గుణం ఉండొచ్చు. ఏ మాత్ర, వారానికి ఎన్ని అన్నది డాక్టర్‌కు చెప్పండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వాడేవారు కూడా ఇది చదివి దాన్ని ఆపేయొద్దు.

హోరు ఎందుకు వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఉంటాయి. వయసుతోనో, పెద్ద శబ్దాలతోనో అవి దెబ్బతింటే మెదడుకు వెళ్లే సమాచారం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడు తన వైపు వాల్యూమ్ పెంచుకుంటుంది, ఆ పెంపే మనకు గుయ్‌మని వినిపిస్తుందని ఇప్పుడున్న అవగాహన. అందుకే గది నిశ్శబ్దంగా ఉంటే ఎక్కువనిపిస్తుంది, మనసు వేరే పనిలో ఉంటే మరుగున పడుతుంది.

మీ సరదాలు మానేయమని మీ ఇంట్లోవాళ్లు చెప్పడం ప్రేమతోనే కావచ్చు, కానీ అది మంచి వైద్యం కాదు. అన్నీ మానేసి గదిలో కూర్చుంటే మిగిలేది మీరూ, ఆ శబ్దమూ. ధ్యాస అంతా దాని మీదే ఉంటే మెదడు దానికి అలవాటు పడదు. ఈ పేరా మీ ఆవిడకు చదివి వినిపించండి.

డోలక్ వాయించండి. ఇబ్బంది డోలక్‌తో కన్నా మీ వెనక ఉండే స్పీకర్‌తో, పక్కన మోగే తాళాలతో. చిన్న హాలు, మార్బుల్ నేల, నున్నటి గోడలు ఉన్నచోట శబ్దం తిరిగి తిరిగి చెవిలోనే పడుతుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల వరకు ఉండొచ్చని ఒక లెక్క. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. మైకు, తాళాలు కలిసి గట్టిగా నడిచే భజనలో ఆ స్థాయి దాటడం వింతేమీ కాదు. ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టి చూడండి, కచ్చితంగా ఉండకపోయినా అంచనా వస్తుంది. యాప్ వద్దనుకుంటే ఇంకో గుర్తు ఉంది. చేతికందేంత దూరంలో ఉన్న మనిషికి మీరు అరిచి చెప్పాల్సి వస్తే అక్కడ శబ్దం ఎక్కువే.

స్పీకర్‌ను మీ చెవి ఎత్తున కాకుండా ముందుకు, దూరంగా జరిపించండి. తాళాల వాళ్లకు కుడి చెవి పెట్టి కూర్చోవద్దు. దూది పెట్టుకుంటే శబ్దం పెద్దగా ఆగదు. సంగీతం వాయించేవారి కోసం ఫిల్టర్ ఉన్న ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. అవి తాళం, శ్రుతి చెడకుండా మొత్తం శబ్దాన్ని సమానంగా తగ్గిస్తాయి. మామూలు ఫోమ్ ప్లగ్స్‌తో అన్నీ మూసుకుపోయినట్టుంటుంది, వాయించేవారికి నచ్చవు. భజన తర్వాత హోరు పెరిగి మర్నాటికీ అలాగే ఉంటే ఆ వారం మోతాదు మించిందని అర్థం. అయితే ప్లగ్స్ పెట్టుకుని ఇంట్లో తిరగొద్దు. నిశ్శబ్దంలోనూ చెవులు మూసుకుంటూ ఉంటే మామూలు శబ్దాలు కూడా భరించలేని స్థితి వస్తుంది.

బోనాలు, గణేశ్ నిమజ్జనం రోజుల్లో డీజే బండి పక్కన నడవడం మాత్రం మీకే కాదు, ఎవరికీ మంచిది కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో 2000 సంవత్సరం నుంచి నిబంధనలు ఉన్నాయి. భుజాల మీద పసిపిల్లలను ఎక్కించుకుని ఆ బండ్ల దగ్గర నిలబడే తండ్రులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పక్షులను చూడ్డం మీకు దొరికిన మంచి మందు అనుకోండి. తెల్లవారుజామున ఆరుబయట గాలి, నీరు, కూతలు కలిసిన మెత్తని శబ్దం హోరును కప్పేస్తుంది. కళ్లకూ మనసుకూ పని ఉంటుంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారంటే ఊరికే కాదు. కాకపోతే రెండు విషయాలు గమనించండి. పై శ్రుతి శబ్దాల వినికిడి తగ్గినవారికి సన్నటి కూతలు ముందుగా పోతాయి. స్నేహితులకు వినిపించే కూత మీకు వినిపించకపోతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, పనికొచ్చే సమాచారం అది. రెండోది, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ పనిచేయాలి. మీకిప్పుడు కూత ఏ కొమ్మ మీద నుంచో తెలియకపోవడం అటుంచి, వెనక నుంచి లారీ ఏ వైపున వస్తోందో తెలియకపోవచ్చు. మల్కాజిగిరి నుంచి అమీన్‌పూర్ దాకా చీకట్లో బండి నడపకండి, స్నేహితుల కారులో వెళ్లండి. తల తిరుగుడు కూడా ఉంటే పరీక్ష అయ్యేదాకా బండి అసలే వద్దు, చెరువు గట్టు అంచున ఒంటరిగా నిలబడొద్దు.

పాత పాటలు వినండి, ఇయర్‌ఫోన్స్‌తో కాదు. హోరును ముంచేయాలని వాల్యూమ్ పెంచుతూ పోయే అలవాటు అక్కడే మొదలవుతుంది. గదిలో చిన్న స్పీకర్ పెట్టుకుని, హోరు కాస్త వినిపిస్తూనే ఉండేంత తక్కువలో పెట్టండి. నిద్రకు పాటలకన్నా ఫ్యాన్ చప్పుడో, వాన శబ్దమో మేలు. బయట ఇయర్‌ఫోన్స్ తప్పకపోతే వారం మొత్తానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. చాలా ఫోన్లలో ఈ లెక్క కనిపిస్తుంది. మీరు దానికి బాగా లోపలే ఉండండి.

ఆడియోమెట్రీలో వినికిడి తగ్గిందని తేలితే వినికిడి యంత్రం పెట్టమనొచ్చు. సిగ్గుపడి వద్దనకండి. బయటి శబ్దం సరిగా అందితే చాలామందికి హోరు కూడా వెనక్కి తగ్గుతుంది. యంత్రంతో సరిపోకపోతే సైకాలజిస్టు చేసే సీబీటీ, అంటే ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స ఉంది. శబ్దాన్ని అది తీసేయదు కానీ దానివల్ల కలిగే బాధను తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. అలవాటు పడ్డానికి నెలలు పడుతుంది. ఈలోగా నిద్ర పట్టక, బతుకు మీద విసుగు పుట్టేదాకా వస్తే దాచుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిమ్మల్ని చూడకుండా, చెవి పరీక్షించకుండా రాస్తున్న జవాబు ఇది. దీన్ని చీటీగా తీసుకుని ఏ మందూ కొనొద్దు. వినికిడి ఉన్నట్టుండి ఇంకా తగ్గినా, ముఖం వంకర పోయినా, చెవి నుంచి చీమూ రక్తమూ కారినా, నిలబడలేనంతగా తల తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివేమీ లేకపోతే ఈ వారంలో వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆ యూట్యూబ్ మాత్రల అట్టతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. పేర్లు గుర్తు తెచ్చుకుని చెప్పడం కన్నా అదే మాకు ఎక్కువ ఉపయోగపడుతుంది.